బంతి గీత దాటినప్పుడు



చిన్నతనమున మనమందరమును బిళ్ళంగోడు ఆడినవారమే. ఒక ఊరిలో బిళ్ళను గాలిలో పట్టుకొన్నచో కొట్టినవాడు చచ్చినట్లు లెక్క. ప్రక్క ఊరిలో ఒంటిచేతితో పట్టిననే గాని చెల్లదు. ఒకచోట దూరమును కర్రతో కొలిచెదరు, మరియొకచోట అడుగులతో కొలిచెదరు. తిరునాళ్ళకు పొరుగూరు పోయిన పిల్లవాడు తన ఊరి లెక్క చెప్పి, అక్కడి పిల్లలచేత నాలుగు తిని, ఏడ్చుచు ఇల్లు చేరుట మన మెరుగనిది కాదు. ఆ పిల్లవాడు అబద్ధమాడలేదు. కొట్టిన పిల్లలును అబద్ధమాడలేదు. ఎవరి ఊరి ధర్మమును వారు చెప్పిరి.

నేడు నేను మనవి చేయబోవునది ఫుట్‌బాలు ఆటలోని యొక చిన్న పనిని గూర్చి. బంతి ప్రక్కగీత దాటి వెలుపలికి పోయినప్పుడు దానిని చేతులతో మరల లోనికి విసరుదురు. దీనిని మన కుర్రవాండ్రు ‘త్రో’ అందురు. ఈ త్రోకు లోకమంతయు నొప్పుకొన్న నిబంధనల పుస్తక మొకటి యున్నది. అమెరికా దేశపు ఉన్నత పాఠశాలలకు వేరొక పుస్తకము కలదు. రెండింటికిని గల భేదము వెండ్రుకవాసి. కాని యా వెండ్రుకవాసి భేదము మూలమున మా యింట నొక పిల్లవాడు మూడు దినములు సరిగా అన్నము తినలేదు. తప్పు వానిది కాదు, నాది. అందుచేతనే ఈ సంగతి పదిమంది పెద్దల యెదుట చెప్పవలెనని తలచితిని.

నేను చీరాలలో ముప్పది యేండ్లు బడిపిల్లలచేత డ్రిల్లు చేయించి, ఆటలాడించి, విశ్రాంతి గైకొన్నవాడను. నా కుమార్తె కాపురము అమెరికాలో. ఆమె కొడుకు అక్కడి ఉన్నత పాఠశాలలో ఫుట్‌బాలు ఆడుచుండును. కొన్ని యేండ్ల క్రిందట సెలవులకు వచ్చి, చీరాలకు పడమటగా నున్న తన తండ్రిగారి పల్లెలో నెలదినము లుండెను. ఆ పల్లెకును పొరుగు పల్లెకును కాలువ నీటి వంతు విషయమై రెండేండ్లుగా మాటలు లేవు. ఆ యేడే పెద్దలు కూర్చుండి తగవు తీర్చిరి. తగవు తీరిన గుర్తుగా రెండు పల్లెల కుర్రవాండ్రకును ఫుట్‌బాలు పోటీ పెట్టిరి. రిఫరీగా నన్ను పిలిచిరి. మనుమడు ఒక పక్షమున ఆడుచుండగా తాత తీర్పరిగా నుండుట తగదంటిని. ‘మాష్టారూ, మీ మాటకు ఎదురెవరు చెప్పెదరు?’ అని ఇరువైపుల పెద్దలును బలవంతపెట్టిరి.

మిరపకాయలు ఎత్తివేసిన కళ్ళమునే ఆటస్థలముగా చేసిరి. ముగ్గుపిండితో గీతలు గీచిరి. నేలలోని ఘాటు ఇంకను పోలేదు. పరుగెత్తిన పిల్లలు తుమ్ముచునే యుండిరి. ఇరువైపుల మంచములు వేసికొని పెద్దలు కూర్చుండిరి. ప్రొద్దుగ్రుంకు వేళకు చెరియొక గోలుతో ఆట సమముగా నుండెను. ఇంక నాలుగు నిమిషములు గలవు. అప్పుడు బంతి ఎదిరివారి కాలికి తగిలి గీత దాటినది. త్రో మావాని పక్షమునకు వచ్చినది. మావాడు బంతి తీసికొని గీత వెంబడిగా ముందున్న తనవానికి విసరెను. సముద్రపు గాలి బలముగా వీచుచుండెను. బంతి గాలికి వెలుపలివైపునకే వాలి, గీతను తాకకయే, గీతకు జానెడు ఆవల నేలమీద పడినది.

అప్పుడు మావాడు ఎవరును చెప్పకుండగనే, పరుగున పోయి బంతిని తీసి ఎదిరి పక్షపు పిల్లవాని చేతికిచ్చెను. ఆ పిల్లవాడు విసరెను. వెనువెంటనే గోలు పడినది. మావాని పల్లె ఓడిపోయినది.

ఇందులో తప్పెక్కడ జరిగినదో తెలియవలెనన్నచో త్రో నిబంధన మొదటినుండి చెప్పవలెను.

ఆటస్థలమునకు పొడవున రెండు ప్రక్కగీతలు, అడ్డముగా గోలుస్తంభము లుండు రెండు చివరిగీతలు ఉండును. గీత ఆటస్థలములోనిదే, మన పొలమునకు గట్టు చేరియున్నట్లే. బంతి నేలమీద నైనను గాలిలో నైనను గీతను పూర్తిగా దాటిననే వెలుపలికి పోయినట్లు. బంతిలో ఇసుమంత గీతకు పైగా నున్నను అది లోపలిదే. ఇట్లు ప్రక్కగీత దాటిన బంతి కడపట ఎవరికి తగిలెనో, వారి ఎదిరి పక్షమునకు త్రో దక్కును.

విసరువాడు ఏమేమి చేయవలెను? బంతి ఎక్కడ గీత దాటెనో అక్కడనే నిలువవలెను. ముఖము ఆటస్థలము వైపునకుండవలెను. రెండు పాదములలోను కొంతభాగమైన గీతమీదనో, గీతకు వెలుపలి నేలమీదనో ఆని యుండవలెను. బంతిని రెండు చేతులతోను పట్టి, తల వెనుకనుండి తలమీదుగా విసరవలెను. ఎదిరివారు ఆ చోటికి రెండు మీటర్లకు తక్కువ దూరమున నిలువరాదు. విసరినవాడు మరియొకరికి తగిలినదాక తిరిగి ఆ బంతిని ముట్టరాదు. త్రోతో నేరుగా గోలు చేయుటకు వీలులేదు. ఎదిరివారి గోలులో నేరుగా పడినచో వారికి గోల్‌కిక్కు ఇత్తురు. పొరబాటున తన గోలులోనే పడినచో ఎదిరివారికి కార్నర్‌కిక్కు ఇత్తురు.

ఇన్ని కట్టుబాట్లు ఏల యని మీ రడుగవచ్చును. జొన్నచేలలో మంచెమీద నిలుచుండి వడిసెల త్రిప్పినవారు మీలో ననేకు లుందురు. ఒంటిచేతితో, ఒడలు త్రిప్పి విసరిన రాయి ఎంతదూరము పోవునో మీకు తెలియును. ఫుట్‌బాలు కాలితో నాడు ఆట. గోలుకీపరు దక్క మరెవ్వరును చేతితో ముట్టరాదన్నది దాని ప్రాణము. బంతి వెలుపలికి పోయినప్పుడు మాత్రము దానిని లోనికి చేర్చుటకు చేతుల నొప్పుకొనిరి. ఆ చేతులకు వడిసెల బల మిచ్చినచో కాలి యాట చేతి యాటగా మారిపోవును. రెండు చేతులు, తలమీదుగా, పాదములు నేలనాని యను నీ మూడును ఆ బలమునకు వేసిన పగ్గములు.

ఇక తప్పులమాట. లోక నిబంధన తప్పును రెండు విధములుగా చూచును. మొదటిది విసరు పద్ధతిలోని తప్పు. పాదము గాలిలోనికి లేచినను, బంతి తలమీదుగా రాకున్నను, ఒంటిచేతితో త్రోసినను ఆ త్రో చెల్లదు. ఎదిరి పక్షము విసరును. రెండవది పద్ధతి సరిగానే యుండి బంతి మాత్రము ఆటస్థలమును చేరకపోవుట. గాలిలో గీతమీదికి రాకమునుపే వెలుపల నేలను తాకినచో అది ఆటలోనికి వచ్చినట్లే కాదు. ఆట మొదలు కానప్పుడు తప్పెక్కడిది? కావున అదే పక్షము, అదే చోటినుండి, మరల విసరును. విత్తు గొఱ్ఱునుండి జారి గట్టుమీద పడినచో రైతు మరియొక గింజ వేయునుగాని, చేనిని పొరుగువాని కప్పగించడు గదా! బంతి గాలిలో గీతమీదికి వచ్చి, తరువాత గాలికి తిరిగి బయటపడినచో మాత్రము సంగతి వేరు. అది లోనికి వచ్చి మరల పోయినది. అప్పుడు త్రో ఎదిరివారిది.

ఇప్పుడు బడి పుస్తకము చూతము. అమెరికాలో ఉన్నత పాఠశాలల ఆటలకు రాష్ట్రసంఘముల జాతీయ సమాఖ్య యొకటి కలదు. అది 1920లో ఏర్పడినది. దాని కార్యస్థానము ఇండియానాపొలిస్ నగరమున నున్నది. ఆ సమాఖ్య ఫుట్‌బాలుకు తన సొంత నిబంధనల పుస్తకమును అచ్చువేయును. అక్కడి పెక్కు రాష్ట్రముల బడులు దాని ననుసరించును. విసరు పద్ధతి అందులోను దాదాపు ఇదియే. రెండు చేతులు, తలమీదుగా, పాదములు నేలమీద. భేదము తప్పు జరిగిన తరువాతనే. పద్ధతి చెడినను, బంతి ఆటస్థలమును చేరకపోయినను, రెండింటికిని ఆ పుస్తక మొకే తీర్పు చెప్పును: త్రో ఎదిరివారిది. లోక నిబంధన రెండుగా చీల్చినదానిని బడి నిబంధన ఒకటిగా కట్టినది.

ఇదొక్కటే కాదు. త్రో సమయమున ఆటగాండ్రను మార్చుటలోను భేదము కలదు. లోకపు పెద్ద పోటీలలో ఒక పక్షము ఆటలో ఐదుగురిని మాత్రమే మార్చవచ్చును. వెలుపలికి వచ్చినవాడు తిరిగి లోనికి పోరాదు. అమెరికా బడి పుస్తకమున ఆ లెక్క లేదు. ఎందరినైనను మార్చవచ్చును, వెళ్ళినవాడు మరల రావచ్చును. కాని యెప్పుడు పడిన అప్పుడు కాదు. త్రో ఎవరిదో వారే ఆ సమయమున మార్పు కోరవచ్చును. వారు మార్చినచో ఎదిరివారును మార్చుకొనవచ్చును. ఆట నిడివియు వేరే. లోకమున 45 నిమిషముల చొప్పున రెండు భాగములు. అక్కడి ఉన్నత పాఠశాలలో 40 నిమిషముల చొప్పున. లోకమున కాలమును రిఫరీ తన చేతి గడియారములో చూచుకొనును. ఆ బడులలో అందరికిని కనబడునట్లు పలకమీద గడియారము నడచును. గోలు పడినప్పుడు దానిని ఆపుదురు.

ఈ భేదములకు కారణ మేమైయుండును? నాకు తోచినది చెప్పెదను. బడి యనునది అందరు పిల్లలను ఆడించవలసిన చోటు. ఇరువదిమంది పిల్లలు ఎదురు చూచుచుండగా ఐదుగురినే మార్చెద మన్నచో తక్కినవారు గట్టుననే మిగిలిపోవుదురు. మరి, అక్కడ ముగ్గురు రిఫరీలతోనే కాక ఇద్దరితోను ఆట నడుపుటకు ఒప్పుదల కలదు. పద్ధతి తప్పినదా, బంతియే చేరలేదా యని విచారించుటకంటె రెండింటికి నొకే తీర్పనుట వారికి సులువు. పిల్లలకును జ్ఞాపక ముండును. ఇందులో ఏది గొప్ప, ఏది తక్కువ యను ప్రశ్నయే లేదు. చిత్రమేమన, ఆ దేశములోనే బడి వెలుపలి క్లబ్బులలో ఆడు పిల్లలు లోక నిబంధనల ననుసరింతురు. కళాశాలల వారికి మరియొక పుస్తకము. ఒకే పిల్లవాడు బడి దినములలో నొక ధర్మమును, ఆదివారమునాడు మరియొక ధర్మమును పాటించుచుండును. బంతి అదే, కాళ్ళు అవే.

మన చీరాల వారికి ఇది కొరుకుడుపడని సంగతి కాదు. 1921వ సంవత్సరమున దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాటపై చీరాల, పేరాల జనులు ఇండ్లు వాకిండ్లు విడిచి, పురపాలక సంఘపు హద్దు దాటి, రామనగరను పేర పాకలు వేసికొని నెలల తరబడి ఎండకు వానకు ఓర్చి యుండిరి. హద్దుకు ఈవల ఒక చట్టము, ఆవల అది చెల్లదు. నేల అదే, గాలి అదే, మనుష్యులు వారే. గీత ఎక్కడ నున్నదో, ఆ గీతలోపల నెవరి చట్టము నడచునో, అది ముందుగా తెలియవలెను. ఆ సంగతి మన తాతలకు తెలిసినంతగా మరెవ్వరికిని తెలియదు.

లోక నిబంధన యనునది దైవదత్తమైనది కాదని గూడ చెప్పవలెను. 1863లో ఇంగ్లండున ఫుట్‌బాలు సంఘమువారు మొదటిసారి నిబంధనలు వ్రాసినప్పుడు, గీత దాటిన బంతిని ముందుగా పరుగెత్తి ముట్టినవానికే త్రో. వాడు గీతకు నిలువుగా, నేరుగా మాత్రమే విసరవలెను, ప్రక్కలకు విసరరాదు. కొన్ని యేండ్లకు, ఎవరు బయటికి పంపిరో వారి ఎదిరివారిదే త్రో యనిరి. ఇంగ్లండు వారు ఒంటిచేతితో విసరుచుండిరి. స్కాట్లండు వారు రెండు చేతులతో విసరుచుండిరి. ఇరువురును కలిసి ఆడినప్పుడెల్ల ఇదే తగవు. కడపట 1882లో బ్రిటను లోని నాలుగు సంఘముల వారును కూర్చుండి స్కాట్లండు పద్ధతికి ఒప్పుకొనిరి. రెండు చేతుల త్రో నాటినుండి వచ్చినదే. 1886లో ఆ నాలుగు సంఘములే కలిసి నిబంధనలకై యొక మండలి నేర్పరచుకొన్నవి. 1904లో పుట్టిన లోక ఫుట్‌బాలు సమాఖ్య ‘ఫీఫా’ 1913లో అందులో చేరినది. నేటికిని ఆ మండలియే నిబంధనలు మార్చును. అందు మొత్తము ఎనిమిది వోట్లు: ఫీఫాకు నాలుగు, బ్రిటను సంఘములకు ఒక్కొక్కటి. ఆరు వోట్లు కూడిననే గాని ఒక అక్షరమైనను మారదు.

అట్లయినను మారుచునే వచ్చినది. ఎదిరివారి చివరి ఆటగాండ్రను దాటి ముందే పోయి నిలుచుండి బంతి నందుకొనరాదను ‘ఆఫ్‌సైడు’ నిబంధనను త్రోకు 1920లో తీసివేసిరి. తప్పుత్రోకు పూర్వము ఎదిరివారికి ఫ్రీకిక్కు ఇచ్చుచుండిరి. అది మిక్కిలి కఠిన శిక్ష యని 1931లో దానిని త్రోగా తగ్గించిరి. 1993లో జపానులో 17 ఏండ్లలోపు బాలురకు జరిగిన లోక పోటీలో త్రోనే తీసివేసి, బంతిని గీతమీద నుంచి కాలితో తన్నించి చూచిరి. ఆ పద్ధతి నిలువలేదు. మన వీధులలో పిల్లలు చేతులతో విసరుట మాని కాలితో తన్నుట చూచి నేను కోపించుకొనువాడను. ఆ జపాను సంగతి తెలిసినప్పటినుండి కొంచెము తగ్గితిని.

నేటి లోక నిబంధన పిల్లల కొఱకు, వృద్ధుల కొఱకు, అంగవైకల్యము గలవారి కొఱకు కొన్నిటిని మార్చుకొనుటకు దేశసంఘములకు అనుమతి నిచ్చుచున్నది. ఆటస్థలపు కొలత, బంతి పరిమాణము, గోలు వెడల్పు ఎత్తులు, ఆట నిడివి, వెళ్ళినవాడు తిరిగి వచ్చుట మొదలగునవి. పెద్దలు ఆడు బంతి చుట్టుకొలత 68 నుండి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుండి 450 గ్రాములు. చిన్నపిల్లలకు ఇంకను చిన్న బంతి నీయవచ్చును. కాని త్రో విసరు పద్ధతి ఆ జాబితాలో లేదు. దానిని మార్చవలెనన్నచో మండలి సమ్మతి కావలెను. అమెరికా బడుల సమాఖ్య ఫీఫా క్రింద నున్నది కాదు గనుక తన పుస్తకము తాను వ్రాసికొన్నది.

మన దేశము వారికిని ఇంటి ఆచారమునకు లోకాచారమునకు గల భేదము ఒకసారి గట్టిగా తగిలినది. 1948లో లండను ఒలింపిక్సులో మనవారిలో పెక్కురు వట్టి కాళ్ళతో ఆడి, ఫ్రాన్సు చేతిలో ఒకటికి రెండు గోళ్ళతో మాత్రమే ఓడి, చూచినవారి మెప్పు పొందిరి. 1952లో హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో ఒకటికి పదింటితో ఓడిరి. ఆ తరువాత బూట్లు తప్పనిసరి యైనవి. 1956లో మెల్బోర్నులో మనవారు నాలుగవ స్థానమునకు చేరిరి. 1962లో జకార్తాలో ఆసియా పోటీల బంగారు పతకము గెలిచిరి. ఈ జట్టులను తీర్చిన హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీముగారు వృత్తిచే బడిపంతులు. వట్టికాళ్ళతో ఆడుట తప్పు కాదు. కాని లోకముతో ఆడబోవువాడు లోకపు లెక్క ముందుగా నేర్చుకొనవలెను.

ఇక నా తప్పునకు వచ్చెదను.

బంతి జానెడు ఆవల పడిన క్షణమున నిబంధన నాకు తెలియును. నేను మరువలేదు. ఈల నోటిలోనే యున్నది. ఈల వేసి, ‘బంతి లోనికి రాలేదు, అదే పక్షము మరల విసరవలెను’ అనవలసినవాడను. కాని ఆ పక్షమున నున్నది నా మనుమడు. గట్టున మంచములమీద నున్నది నీటి తగవు నిన్నమొన్న మానిన జనము. ‘తాత మనుమనికి రెండవసారి బంతి ఇప్పించినా’డను మాట పుట్టునని భయపడితిని. వాడంతట వాడే ఇచ్చుచున్నాడు గదా యని ఊరకుంటిని. ఎదిరి పిల్లవాడు విసరినాడు, ఆట తిరిగి మొదలైనది. ఆట మొదలైన పిమ్మట రిఫరీ వెనుకటి తీర్పును మార్చుటకు వీలులేదని నిబంధన. గోలు గోలే.

ఆట ముగిసినది మొదలు మావాని పల్లెలో మాటలు లేచినవి. ‘అమెరికా పిల్లవాడు ఆట అప్పగించినాడు’ అని యొకరు. ‘మొదట బంతి ఇచ్చిరి, రేపు నీటి వంతు ఇచ్చెదరు’ అని మరియొకరు. పదునాలుగేండ్ల పిల్లవాడు అరుగుమీద కూర్చుండి అన్నియు వినెను. ఆ రాత్రి నాతో, ‘తాతయ్యా, మా బడిలో అంతే. బంతి లోపలికి పోకపోతే అవతలవాళ్ళకు ఇచ్చేయాలి. ఇయ్యకపోతే మోసం చేసినట్లు. నేను మోసం చేయలేదుగా?’ అనెను. నేను, ‘లేదు నాయనా’ అంటిని గాని, తక్కినది చెప్పలేదు. వాడు అన్నము ముందు కూర్చుండి మెతుకులు కెలికి లేచిపోవుట మూడు దినములు చూచితిని.

మూడవనాటి సాయంకాలము రెండు పల్లెల పెద్దలను రచ్చబండకు పిలిపించితిని. పిల్లవానిని ప్రక్కన నిలువబెట్టుకొని జరిగినది చెప్పితిని. ‘వీడు తన బడి ధర్మమును పాటించినాడు. ఎవరును అడుగకుండగనే తనకు నష్టమైన తీర్పు తానే చెప్పుకొన్నాడు. ఇక్కడి ధర్మము వేరని వానికి చెప్పవలసినవాడను నేను. తెలిసియు చెప్పలేదు. పక్షపాతి యని పేరు వచ్చునని భయపడి, నా పేరు కొఱకు వీని పేరు చెడగొట్టితిని. ఓడినది పిల్లవానివలన కాదు, రిఫరీ వలన’ అంటిని. కొంతసేపు ఎవరును మాటాడలేదు. నాకు ముఖ మెత్తుటకు సిగ్గుగా నుండెను.

గెలిచిన పల్లె పెద్ద యొకాయన లేచి, ‘మాష్టారూ, గోలు మేము తిరిగి ఇయ్యలేము, నిబంధన ఒప్పుకొనదని మీరే అంటిరి. కాని కాలువ వంతు వచ్చినప్పుడు తూము ఎత్తకముందే ఎవరిది ఎన్ని గంటలో చెప్పుకొందుము. నీరు పారిన తరువాత చెప్పుకొన్నచో కొట్లాటయే. ఆటకును అట్లే చేసియుండవలసినది. ఆ తప్పు మనందరిది’ అనెను. పిమ్మట మావాని చేయి పట్టుకొని, ‘మా పిల్లలలో ఎవరైన నీవలె బంతి ఇచ్చియుందురా యని రెండు రోజులుగా అనుకొనుచున్నాను, అబ్బాయీ’ అనెను. ఆ రాత్రి పిల్లవాడు అన్నము తినెను.

మరుసటి యేట ఆ పల్లెలలో ఆట మొదలగుటకు ముందు, రెండు జట్లను నిలువబెట్టి అయిదారు సంగతులు బిగ్గరగా చదివించిరి. ఆట ఎన్ని నిమిషములు, ఎందరిని మార్చవచ్చును, వెళ్ళినవాడు తిరిగి రావచ్చునా, త్రో లోనికి రాకున్నచో ఎవరిది, పద్ధతి తప్పినచో ఎవరిది, రిఫరీకి ఆటగాండ్రలో బంధువు లెవరైన గలరా. ఈ కడపటి ప్రశ్న నేనే చేర్చితిని. చదువుటకు పట్టినది రెండు నిమిషములు.

మీ గ్రామములలోను సంక్రాంతికో తిరునాళ్ళకో పిల్లలచేత ఆటలాడింతురు. పట్టణములనుండి, పరదేశములనుండి మనుమలు వచ్చి వారితో కలియుదురు. ఒక్కొక్కడు ఒక్కొక్క బడి పుస్తకమును తలలో పెట్టుకొని వచ్చును. వాడు మనము ఎరుగని నిబంధన చెప్పినప్పుడు వెంటనే అబద్ధమనకుడు. ఏ పుస్తకములోనిదో అడుగుడు. ఆట మొదలుకాకమునుపే ఏ పుస్తకము నడచునో అందరి యెదుట చెప్పించుడు. తీర్పు చెప్పు పని మీమీద పడినచో, ఆ తీర్పు మీవానికి మేలైనను కీడైనను, తెలిసినది తెలిసినట్లు ఆ క్షణముననే పలుకుడు. ఆట తిరిగి మొదలైన తరువాత పలికిన నిజము గోలును త్రిప్పలేదు. నాకు ఆ సంగతి పుస్తకములో చదివినప్పటికంటె ఆ మిరప కళ్ళములో బాగుగా తెలిసినది.

సెలవు.